ఏడో హర్డిల్ దగ్గర

ఎండిన జొన్నదంటు విరిగితే వచ్చే చప్పుడు చాలా చిన్నది. పక్కన పిల్లలు కబడ్డీ ఆడుతుంటే వినపడను కూడా వినపడదు. కానీ పులివెందులలో నేను ఆటలు నేర్పే స్కూలు మైదానంలో, సాయంత్రం పూట, లింగాల నుంచి వచ్చే ఈశ్వరి అనే పిల్ల కాలు తగిలి దంటు టప్పున విరిగినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపేస్తాను. విరిగినచోట లేచే తియ్యటి దుమ్ము వాసన ముక్కుకు తగిలిందంటే ఇక నాకు ఈ మైదానం కనపడదు. ప్రొద్దుటూరు పక్కన ఎండిపోయిన పెన్నా కనపడుతుంది. ఆ ఇసుకలో జతలు జతలుగా నాటిన పంగలకర్రలు, వాటి మీద అడ్డంగా పెట్టిన జొన్నదంట్లు, చివర్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన బక్కపలచటి మనిషి కనపడుతుంది. ఆమె పేరు సెల్వి. నాకు హర్డిల్స్ నేర్పింది ఆమే. ఈ ఉద్యోగమూ, మెడలో ఈ విజిలూ, ఎవరేమన్నా ఊడని ఈ మొండితనమూ ఆమె పెట్టిన భిక్షే. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. బతికుండగా ఆమెను పట్టించుకున్నవాళ్ళు మా ఊళ్ళో కొద్దిమందే కాబట్టి, అసలు చూడనివాళ్ళకైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

సెల్వి మేడంది మా ఊరు కాదు, మా రాష్ట్రం కాదు, అసలు మన దేశమే కాదు. శ్రీలంకలో ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాలుగువందల మీటర్ల హర్డిల్స్‌లో అక్కడ పేరు తెచ్చుకుంటున్న వయసులో యుద్ధం ఇంటిదాకా వచ్చింది. పడవెక్కి రామేశ్వరం చేరి, తమిళనాడులో శరణార్థుల శిబిరంలో కొన్నేళ్ళు ఉండి, అక్కడే ఒక రంగులు వేసే మేస్త్రీని పెళ్ళి చేసుకుంది. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళవాళ్ళు మేడల మీద మేడలు కడుతున్నారని తెలిసి ఆయన పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. ఒక మేడకు రంగు వేస్తూనే పైనుంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. మళ్ళీ శిబిరానికి పోవడానికి ఆమెకు మనసొప్పలేదు. ఒక ప్రైవేటు స్కూలు పెద్దమనిషి జాలిపడి ఆటల టీచరుగా పెట్టుకున్నాడు. ఊరు ఊరంతా ఆమెను 'లంక మేడం' అనేది. కూరగాయల మార్కెట్లో ఒకాయన ప్రతివారం అదే ఎకసెక్కం. "రావణాసురుడు మీకు సుట్టమా మేడం?" ఆమె కూడా ప్రతివారం అదే జవాబు. "సుట్టం కాదప్పా, మా వీదోడే. తూకం సరింగా ఎయ్, ల్యాకుంటే పిలిపిస్తా." ఆ మార్కెట్లోనే నేర్చుకున్నది కాబట్టి ఆమె తెలుగు అచ్చం మా తెలుగే, కోస్తావాళ్ళు వింటే కొట్లాడుతున్నారేమో అనుకునే తెలుగు.

ఆమెకు ఒక కట్టడి ఉండేది. నెలకోసారి పోలీస్‌స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలి. జిల్లా దాటాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మామూలు మనిషికైతే ఇదేమంత పెద్ద చిక్కు కాదేమో. ఆమె కోచ్. జిల్లాలో గెలిచిన పిల్లలు రాష్ట్రపోటీలకు పోవాలి, రాష్ట్రపోటీలు ఎప్పుడూ ఏ కోస్తాలోనో జరుగుతాయి. ఆమె తయారుచేసిన పిల్లలు అసలైన ట్రాక్ మీద పది హర్డిళ్ళు దాటుతుంటే కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఇంకే కోరికా ఆమె నోట నేను వినలేదు. మంచి చీర కావాలని కానీ, సొంత ఇల్లు కావాలని కానీ, కడుపు నిండా తినాలని కానీ ఎన్నడూ అనలేదు. ఈ ఒక్కటి మాత్రం అప్పుడప్పుడు అనేది. "ఒక్కసారి చూడాల కన్నా. ఒక్కసారి చూస్తే సాలు."

ఆమె కంట నేను పడింది మా ఇంటి ముందే. మేము దూదేకులవాళ్ళం. నాయన కువైట్‌లో కారు డ్రైవరు. అమ్మ ఇంట్లోనే పరుపులు, దిండ్లు కుట్టేది. సెల్వి మేడం తన పాత పరుపులో దూది గడ్డలు కట్టిందని ఏకించడానికి తెచ్చింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. స్కూలుకు ఆలస్యమై, ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో సంచి పట్టుకుని, వాకిట్లో అడ్డంగా పోసిన దూది కుప్పను ఒక్క గెంతులో దాటాను. వెనక నుంచి "ఏయ్, నిలబడు" అని వినపడింది. తిట్టడానికేమో అనుకున్నాను. ఆమె కుప్ప దగ్గర గొంతుకూర్చుని దూదిని చూస్తోంది.

"అంటల్యా. ఒక్క పీచు గూడా కదల్యా" అంది అమ్మతో. "ఈ పిల్లను నాకియ్యమ్మా."

"ఇచ్చేదానికి అదేమన్నా మేకపిల్లనా మేడం?" అంది అమ్మ, సూది పళ్ళ మధ్య పెట్టుకుని. "ఆడపిల్ల. పొట్టి బట్టలేసుకోని ఊరందరి ముందర ఎగరడం మా వోళ్ళు ఒప్పుకోరు. దాని నాయన గూడా ఈడ ల్యాడు."

"నిండుగా ఏసుకోనే ఎగరనీలే. ఆయప్ప యాడుండాడు?"

"కువైట్లో. పాస్‌పోర్టు ఆ యజమాని పెట్లో పెట్టుకోనుండాడు. రమ్మంటే రాలేడు."

మేడం కుప్పలోంచి ఒక దూది పీచు తీసి వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత, "నాకు ఆ పెట్టె గూడా లేదు" అంది. అమ్మ సూది తీసి పక్కన పెట్టింది. ఆ రోజు పరుపుకు కూలి తీసుకోలేదు, మరుసటి రోజు నుంచి నన్ను పెన్నాకు పంపింది. తర్వాత చుట్టాలెవరైనా సాగదీస్తే, "మా ఆయన ఆడ, ఆయమ్మ ఈడ. ఇద్దరిదీ ఒగటే కత. నా పిల్ల ఆయమ్మతో పోతే మీకేంది?" అని నోరు మూయించేది.

స్కూల్లో రెండే రెండు ఇనుప హర్డిళ్ళు ఉండేవి, అవి కూడా తుప్పుపట్టి కాలు తగిలితే చర్మం లేచేది. అందుకే మేడం ఇసుకలో పంగలకర్రలు నాటి, మీద జొన్నదంటు పెట్టేది. తగిలితే అది విరుగుతుంది, కాలు విరగదు. దంట్ల కోసం పంట కోతలు అయ్యాక జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలకు మమ్మల్ని బస్సులో తీసుకుపోయేది. ఒకసారి ఒక రైతు, తెల్ల తలపాగా చుట్టుకున్న పెద్దాయన, చొప్ప కుప్ప మీద కూర్చుని మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఎన్ని ఎద్దులుండాయి మేడం మీకు?" అన్నాడు. "పన్నెండు. అన్నీ ఈడనే నిలబడుకోనుండాయి చూడు" అని మమ్మల్ని చూపించింది. ఆయన పడీపడీ నవ్వి, మేమే తలా ఒక మోపు కట్టుకోమన్నాడు. ఆ ఏడు జమ్మలమడుగులోనే డివిజన్ పోటీలు జరిగితే ఆ రైతు ఎడ్లబండి మీద వచ్చి, "నా సొప్ప తినిన ఎద్దులు యావి?" అని వెతుక్కున్నాడు. ఆ రోజు మేడం నవ్వినట్టు మళ్ళీ నవ్వగా నేను చూడలేదు. జమ్మలమడుగు జిల్లాలోనే ఉంది కాబట్టి ఆమె అక్కడికి రాగలిగింది. కానీ అక్కడ ట్రాక్ మట్టిది, హర్డిళ్ళు ఐదే దొరికాయి.

బయటి పోటీలకు తాను రాలేకపోయేది కాబట్టి ఆమె ఒక పద్ధతి పెట్టింది. ఇలాంటి పద్ధతి ఇంకెక్కడా నేను వినలేదు. పోటీకి పోయివచ్చిన పిల్ల ముందు ఇంటికి పోకూడదు. బస్సు దిగి నేరుగా పెన్నాకు రావాలి. అక్కడ మేడం కర్రలు నాటి, దంట్లు పెట్టి సిద్ధంగా ఉంటుంది. ఆ పోటీ ఎలా జరిగిందో అలాగే ఆ ఇసుకలో మళ్ళీ పరుగెత్తి చూపించాలి. పక్క లేన్‌లో ఎవరు ఎక్కడ ముందుకు పోయారో ముందే చెప్పాలి. ఇసుకలో వంపులుండవు కాబట్టి వంపు వచ్చే చోట ఆమె "వంపు" అని అరుస్తుంది, మేము ఒంటిని అటు వంచాలి. ఆమె కళ్ళు చిన్నవి చేసుకుని అంత దూరం మాతోపాటు చూపు తిప్పుతూ, ఆ పోటీని అప్పుడు చూసేది.

సువర్ణ అని నాకంటే ఒక ఏడు పెద్దదైన పిల్ల ఒకసారి నాలుగో స్థానంతో తిరిగి వచ్చి, ఇసుకలో మాత్రం అన్ని దంట్లూ చక్కగా దాటింది.

"ఆడ గూడా ఇట్లే దాటినావా?" అంది మేడం.

సువర్ణ తలొంచుకుంది. "లేదు మేడం. మూడోది తగిలింది."

"మరి ఈడ యాల తగల్యా?"

"బాగా దాటితే మీరు సంతోషపడతారని."

"నాకు సంతోషం వద్దు కన్నా. నాకు చూడాల" అంది మేడం, కోపం లేకుండా. "పడింటే పడి చూపీ. ఆగింటే ఆగి చూపీ. జరిగింది జరిగినట్టు కావాల." సువర్ణ మళ్ళీ మొదటినుంచి పరుగెత్తి, మూడో దంటును విరగ్గొట్టుకుని వచ్చింది.

ఇంకొకటి కూడా నాకు వింతగా ఉండేది. జిల్లా పోటీల్లో మిగతా స్కూళ్ళ సార్లు ట్రాక్ అంచున నిలబడి తమ పిల్లల్ని పేరుపెట్టి గొంతు చించుకుని అరుస్తారు. ఈమె "వంపు" అనే మాట తప్ప పరుగు మొదలయ్యాక నోరు తెరిచేది కాదు. పరుగెత్తేవాళ్ళ పేరు చచ్చినా పిలిచేది కాదు. ఇతర పిల్లలకు అది గర్వంలా అనిపించేది. నేను ఉండబట్టలేక, "పేరు పెట్టి పిలిస్తే మాకు ఊపొస్తాది గదా మేడం" అన్నాను. ఆమె కర్రలు పీకుతూ, "పరిగెత్తేది నీ పని, చూసేది నా పని. నడుమన పేరెందుకు?" అంది. ఇంకోసారి అడగనియ్యకుండా మొహం అవతలికి తిప్పుకుంది.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా రాష్ట్రపోటీలకు ఎంపికయ్యాను. కోస్తాలో రబ్బరు ట్రాక్, పది హర్డిళ్ళు. మేడం ఈసారి తానూ వస్తానని చాలా ముందుగానే అనుమతికి అర్జీ పెట్టుకుంది. కొత్త బూట్లు కూడా కొనుక్కుంది, తనకు. అన్నేళ్ళలో ఆమె తన కోసం ఏదైనా కొనుక్కోగా అదే చూశాను. ప్రయాణం రోజు వచ్చింది, అనుమతి రాలేదు. బస్టాండులో ఆమె ఆ బూట్లు వేసుకునే నిలబడింది. నెలనెలా ఆమెతో సంతకం పెట్టించుకునే కానిస్టేబుల్ అంకిరెడ్డి మఫ్టీలో వచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు. "పైనుంచి రాల్యా మేడం. నా సేతుల్లో ఉంటే నేనే ఎక్కించిందును."

ఆయన పోయాక నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఎక్కండి మేడం. ఎవురు చూస్తారు? రెండు దినాల్లో వచ్చేస్తాం."

ఆమె చెయ్యి విడిపించుకోలేదు, ఎక్కనూ లేదు. "ఈడ ఉండనిచ్చేదానికి ఒక మాట ఇచ్చినా కన్నా. ఆ మాట తప్పితే ఈడ గూడా ఉండనీరు. మళ్ళా యాడికి పోవాల?"

నేనొక్కదాన్నే బస్సెక్కాను. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆ తెల్ల బూట్లు నాకు కనపడుతూనే ఉన్నాయి. అంత కోపం, అంత దుఃఖం కలిసి నాకు ఆ వయసులో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద కోపమో కూడా తెలియదు. అదే కోపంతో పరుగెత్తాను. ఎనిమిదో హర్డిల్ మడమకు తగిలి తూలాను, నిలదొక్కుకున్నాను, రెండో స్థానంలో వచ్చాను. పతకం మెడలో వేస్తుంటే గ్యాలరీలో ఖాళీ కుర్చీలన్నీ ఆమెవే అనిపించాయి.

ప్రొద్దుటూరులో తెల్లవారుజామున దిగి నేరుగా పెన్నాకు పోయాను. ఆమె ఉంది. దంట్లు పెట్టి ఉన్నాయి. నేను పతకం ఇవ్వబోతే "ముందు పరిగెత్తు" అని వెనక్కి జరిగింది. ఇసుకలో కాళ్ళు దిగబడుతుండగా మొత్తం పరుగెత్తాను. ఎనిమిదో దంటును మడమతో తన్ని విరగ్గొట్టి, తూలి, నిలదొక్కుకుని చివరిదాకా పోయాను. వెనక్కి తిరిగితే ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. దగ్గరికి పోయాక, "చూసినా" అంది. ఆ ఒక్క మాటే. నేను కూడా అది చాలనుకున్నాను. చాలదని నాకు అర్థమైంది తర్వాతెప్పుడో.

నేను వ్యాయామవిద్య కోర్సు చదువుతున్న రోజుల్లో ఆమె కిడ్నీలు చెడిపోయాయి. అమ్మ వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తోడుపోయేది. సెలవులకు వచ్చినప్పుడు చూస్తే మేడం మొహం ఉబ్బి, కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. ఒక సాయంత్రం నన్ను ఆటో పిలవమని, పెన్నాకు పోదామంది. గట్టు దగ్గర నాపరాయి మీద కూర్చోబెట్టాను. పది జతలు నాటమంది. నాటాను. "ఇయ్యాల నా పరుగు" అంది. నాకు అర్థం కాలేదు. "మా దేశంలో నేను పరిగెత్తిన కడసారి పరుగు. నువ్వు నా మాదిరి పరిగెత్తు, నేను చెప్తా. నాకది ఒగసారి బయటినుంచి చూడాల."

బయలుదేరే చోటు నుంచి ఆమె చెబుతూ పోయింది, నేను పరుగెత్తుతూ పోయాను. దేశం తరఫున పంపేవాళ్ళను ఎంచుకునే పోటీ అట. మొదటి వంపులో ఆమె మూడోది. ఐదో హర్డిల్ దగ్గర రెండోది. "ఇప్పుడు దాటినా, ఇప్పుడు నేనే ముందర" అని ఆమె గొంతు వెనకనుంచి సన్నగా వినపడింది. ఏడో దంటు దాటి నేల మీద కాలు పెట్టానో లేదో, "ఆగు" అంది.

ఆగాను. ఇంకా మూడు దంట్లు నా ఎదురుగా ఉన్నాయి. ఏమైందోనని పరుగున వెనక్కి వచ్చాను.

"ఆడికే" అంది ఆమె. "ఆడ కంచె అవతల నా తమ్ముడు నిలబడుకోనుండాడు. ఊళ్ళోకి సైన్యం వచ్చిందని చెప్పేదానికి సైకిల్ తొక్కుకోని వచ్చినాడు. పేరు పెట్టి పిలిచినాడు. నేను పడల్యా, నన్నెవురూ ఓడించల్యా. పిలిచినాడు, ఆగినా. వానితో ఇంటికి పోయినా. ఆ వారమే పడవెక్కినా."

"తమ్ముడు?"

"పడవ కాడికి రాల్యా." ఆమె మిగిలిన మూడు దంట్ల వైపు చెయ్యి చూపించింది. "వాడు పిలవకపోయింటే ఇంగ మూడు దాటిందును. ఆ సంగతి ఎప్పుడూ అనుకుంటా. వాడు నా పేరు కడసారి పిలిచింది అదేనని గూడా అనుకుంటా. రెండూ ఒగటేసారి వస్తాయి మనసులోకి."

నాకు ఏడుపు ఆగలేదు. "ఆ మూడు నేను దాటతా మేడం, మీ పేరు మీద. చూడండి" అన్నాను. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. "వద్దు కన్నా. దాటితే అది నాది కాదు. జరిగింది జరిగినట్టే ఉండనీ." చీకటి పడకముందే కర్రలు పీకి మోపు కట్టాను. విరగని ఆ మూడు దంట్లను ఆమె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చింది.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. తలకొరివి పెట్టడానికి ఎవరూ లేరు. మగవాళ్ళే పెట్టాలని ఎవరో గొణిగితే, అమ్మ "ఆయమ్మ పెంచింది ఆడపిల్లల్ని, మగోళ్ళను యాడ తెచ్చేది?" అంది. సువర్ణ పెట్టింది. అంకిరెడ్డి పూలదండ తెచ్చాడు, గట్టు మీద ఎడంగా నిలబడి టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అన్నీ అయ్యాక నేనొక్కదాన్నే ఇసుక వైపు నడిచాను. ఆమె వద్దన్నా సరే, ఆ మూడు హర్డిళ్ళూ దాటి ఆమె పరుగు ముగించాలని మనసులో పెట్టుకునే నడిచాను. పైన డ్యాంలో నీళ్ళు వదిలారు. అన్నేళ్ళు మేము పరుగెత్తిన చోటంతా గట్టునుంచి గట్టుకు పెన్నా పారుతోంది. పరుగెత్తడానికి జానెడు నేల లేదు. ఆమే అడ్డం పడింది అనుకుని వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు నేను ఏ ఊరికైనా పోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. నా పిల్లలు ఎక్కడ పరుగెత్తితే అక్కడికి పోతాను, ఒక్క పోటీ కూడా వదలను. సింహాద్రిపురం పిల్ల ఒకతి తెచ్చే జొన్నదంట్లతో, మట్టి నింపిన డబ్బాల్లో నాటిన పంగలకర్రలతో ఇక్కడ నేర్పిస్తాను. పోటీల్లో మిగతా కోచ్‌లందరూ ముగింపు గీత దగ్గర గుమికూడతారు. నేను ఏడో హర్డిల్ దగ్గర, కంచె ఇవతల నిలబడతాను.

మొన్న కోస్తాలో పోటీ అయ్యాక ఈశ్వరి రొప్పుతూ వచ్చి, మూతి ముడుచుకుంది. "అందరి సార్లూ పేరు పెట్టి పిలుస్తాండారు మేడం. మీరొక్కరే ఆడ మూగిదాని మాదిరి నిలబడుకోనుంటారు. యాల పిలవరు?"

"పిలిస్తే ఆగిపోతావేమోనని" అన్నాను.

ఆ పిల్లకు నవ్వొచ్చింది. "పిలిస్తే ఎవురన్నా ఆగుతారా మేడం?" అంటూ నీళ్ళ సీసా అందుకుని పరుగెత్తుకుంటూ పోయింది. నేను పిలవలేదు.